ప్రళయకావేరి నీళ్లును, పడవల కట్టుబాట్లును

మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన సరస్సును అరవవారు పళవేర్కాడు అనుచున్నారు. దొరలు తమ నోటికి అనుకూలించినట్లు పులికాట్ అని వ్రాసికొనగా ఆ మూడవ పేరే పటములలోను, సర్కారు కాగితములలోను నిలిచిపోయినది. ఈ సంచికకు మన ప్రాంతపు చరిత్రనుగూర్చి ఏదేని వ్రాయుడని సంఘమువారు మమ్ము కోరినపుడు, డచ్చివారి కోటను గూర్చియో, వారి సమాధులను గూర్చియో వ్రాయుట సులువని మొదట తోచినది. అవి పలువురు వ్రాసినవే. పైగా ఆ సమాధులలోనివారికి ఇప్పుడు మనతో పనిలేదు. నీటితోను, పడవతోను పనియున్నవారు వేలకొలదిగా నేటికిని ఆ యొడ్డున బ్రదుకుచున్నారు. కనుక పడవలను గూర్చియే వ్రాయ నిశ్చయించితిమి.

సరస్సు నీరు చెడుచున్నదని అందరును ఒప్పుకొందురు. ఆ చెడుగును మాన్పుటకు ఏమి చేయవలెనన్నచోటనే తగవు పుట్టుచున్నది. మోటారు పడవలను తగ్గించినచో నీరు తేటపడును, పక్షులు నిలుచును, చేప మరల పెరుగును అని కొందరు. పడవ నిలిచినచో పొయ్యి ఆరును అని కొందరు. పొన్నేరి, గుమ్మిడిపూండి ప్రాంతములలో మన బంధువుల యిండ్లకు పోయినపుడును, సరస్సు యొడ్డున టీ అంగడివద్ద కూర్చున్నపుడును మేమీ రెండు పక్షముల మాటలను విన్నాము. ఈ వాదమును కేవలము నేటిదిగా భావించువారు ఒక సంగతిని మరచుచున్నారు. ఈ తీరమువారు పడవలకు కట్టుబాటు ఎరుగనివారు కారు. నాలుగువందల యేండ్లుగా ఎవరో ఒకరు వారి పడవలకు ఏదో ఒక కట్టుబాటు విధించుచునే యున్నారు. ఒకటిమాత్రము వారే విధించుకొనిరి. ఏ కట్టుబాటు ఎవరి మేలునకు పుట్టినదో చూచినగాని నేటి మాట తేలదు.

ముందుగా ఆ నీటి స్వభావమును చెప్పవలసియున్నది. సరస్సు ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవు గలది. వెడల్పు కొన్నిచోట్ల కాలువంత, కొన్నిచోట్ల 17 కిలోమీటర్లకు తక్కువ కాదు. మన దేశమున ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిల్కకు తరువాత దీనినే పెద్దదిగా లెక్కింతురు. ఇంత విశాలమైన నీటికి లోతు మాత్రము సగటున ఒక మీటరే; పలుచోట్ల నిలువెత్తు మనిషికి నడుము దాటదు. వానకాలమున ఆరణియేరు దక్షిణపు కొననుండియు, కాళంగి పడమటినుండియు మంచినీరు తెచ్చి పోయును. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డుగోడవలె నిలిచి సముద్రమును వేరుచేయుచున్నది. ఆ గోడకు ఉన్న కిటికీలే మొగలు. దక్షిణమున పళవేర్కాడు మొగ, ఉత్తరమున రాయదొరువు, తూపిలిపాళెము మొగలు ప్రసిద్ధములు. మొగ తెరచియున్నంతకాలము ఆటుపోటులతో సముద్రపు నీరు లోనికి వచ్చి, లోపలి మురికినీరు వెలికి పోవును. రొయ్యపిల్ల సముద్రమునుండి లోనికి వచ్చి పెరిగి మరల సముద్రమునకు పోవును. ఇసుక మేటవేసి మొగ పూడినచో ఈ రాకపోకలు నిలిచిపోవును. అప్పుడు వేసవి యెండకు నీరు సముద్రముకంటె ఉప్పనై, ఉత్తరభాగమున నేల బయటపడి పర్రగా మారును. మొగను సరస్సు నోరని చెప్పుట పరిపాటి. మా దృష్టిలో అది ముక్కు. సరస్సు ఊపిరి తీయునది దానితోనే.

ఇక పడవల చరిత్ర. చంద్రగిరి, వేలూరులనుండి విజయనగర రాజ్యశేషమును వేంకటపతిరాయలు ఏలుచుండగా డచ్చివారు 1610లో ఇచ్చట వర్తకశాల నెలకొల్పుకొనిరి. 1613లో గెల్డ్రియా యను కోటకు పునాది పడినది. చోళమండల తీరమున డచ్చివారికి 1690 వరకును ఇదియే ముఖ్యస్థానము. ఆ యేడు వారు నాగపట్టణమునకు తరలిరి. ఇచ్చటి నేత రుమాళ్లును, లుంగీలును జావా మొదలైన దీవులకు పోయి, సుగంధద్రవ్యములు ఇచ్చటికి వచ్చెడివి. మన చదువరులు గర్వింపదగిన సంగతి ఒకటి ఇందు కలదు. డచ్చివారితో సరిసమానముగా బేరసారములు జరిపిన అచ్యుతప్ప చెట్టియు, ఆయన సోదరుడు చిన్నన్న చెట్టియు తెలుగు బలిజ వర్తకులు. 17వ శతాబ్ది తొలిభాగమున తమ సొంత ఓడలను తూర్పుదీవులకు నడపినవారు. అయితే ఈ తీరమునుండి బట్టలతోపాటు బానిసలుగా మనుష్యులును ఓడలకెక్కింపబడిరని చరిత్రకారులు వ్రాసియున్నారు. గర్వింపదగినదానిని చెప్పి, దీనిని దాచుట న్యాయము కాదు.

పడవకు మొదటి చీటీ పుట్టినది ఆ కాలముననే. పోర్చుగీసువారు తమ చీటీ లేని ఓడను సముద్రమున పట్టుకొని దోచుకొనెడివారు. ఆ చీటీకి కర్తాజ్ అని పేరు. డచ్చివారును అదే పద్ధతి నవలంబించి, తమ అనుమతిపత్రము లేక ఓడలు తిరుగరాదనిరి. సముద్రము ఎవరి తాతసొత్తు అని అడుగుటకు మనవారికి ఫిరంగులు చాలలేదు. ఆ కట్టుబాటు మిరియము కొరకును, లవంగము కొరకును పుట్టినది. నీటి మేలుతోగాని, జాలరి మేలుతోగాని దానికి సంబంధము లేదు. పెద్ద ఓడలు మొగ దాటి లోనికి రాలేక వెలుపలనే లంగరు వేసెడివి. సరకును చేర్చినవి జాలరుల చిన్నపడవలే. పళవేర్కాడు 1825లో ఆంగ్లేయుల వశమైన పిమ్మట చెన్నపట్టణపు వెలుగులో ఈ రేవు మసకబారినది.

ఆంగ్లేయులు తెచ్చిన కట్టుబాటు వేరువిధమైనది. అది కాలువతో వచ్చినది. 1806లో బాసిల్ కొక్రేన్ అను దొర చెన్నపట్టణమునుండి ఎన్నూరువైపునకు ఉప్పునీటి కాలువ త్రవ్వించెను. అది క్రమముగా పళవేర్కాటికి, అటుపిమ్మట ఇంకను ఉత్తరమునకు సాగినది. 1876–78 సంవత్సరముల ధాత కరువులో పనిలేని జనులకు కూలి యిచ్చుటకై దక్షిణపు తునకలను కలిపి త్రవ్వించిరి. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టిరి. కరువున కడుపునకు లేక మట్టి మోసినవారి పేర్లు ఏ కాగితమునను లేవు. పెదగంజామునుండి మరక్కాణము వరకు సుమారు 420 కిలోమీటర్లు. కృష్ణా కాలువలతో కలియుటచే బెజవాడనుండి చెన్నపట్టణమునకు పడవమీద రాదగియుండెను. నెల్లూరు సీమ ధాన్యము, శ్రీహరికోట అడవి కట్టెలు, సరస్సులో దేవిన సున్నపు గుల్ల, ఉప్పు — ఇవన్నియు ఈ దారినే చెన్నపట్టణము చేరెడివి. పట్టణమున మన తెలుగు కుటుంబములు కొన్ని స్థిరపడినది ఈ సరకుల వెంబడి వచ్చియే. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తుదురు. లేనిచో గడ వేయుదురు. గడకును వశముకానిచోట కూలీలు గట్టుమీద నడచుచు త్రాళ్లతో లాగుదురు. మా చిన్నతనమున ఇంకను కొన్ని పడవలు మిగిలియుండెను. పడవ కనబడుటకు ముందు లాగువారి పాట వినబడెడిది.

ఈ పడవలకు లైసెన్సు కలదు, సుంకము కలదు. 1890లో చెన్నరాజధానిలో కాలువలు, రేవులనుగూర్చి ఒక చట్టమే చేసిరి. జీవితమంతయు కాగితములతో గడిపినవారము గనుక, లాకువద్ద నిలిచి పడవ బరువు లెక్కించు గుమాస్తాపై మాకు కొంత అభిమానము ఉండుట సహజము. అయినను నిజము చెప్పవలెను. ఆ చట్టము ఖజానా కొరకును, కాలువగట్టు రక్షణకొరకును పుట్టినది. గడతోను, తెరచాపతోను నడచు పడవవలన నీరు చెడునను తలంపే ఆనాడు ఎవరికిని రాలేదు. రావలసిన పనియు లేకుండెను. 1965, 1976 సంవత్సరాదులలో వచ్చిన తుపానులు కాలువను దెబ్బతీసినవి. రోడ్డు, రైలు మిగిలిన పని చేసినవి. సరకు పడవలు పోయినవి. చెన్నపట్టణపు మురుగు మాత్రము కాలువను విడిచిపోలేదు.

ఇంతవరకు చెప్పినవి పైవారు విధించినవి. జాలరులు తమకు తాము విధించుకొన్న కట్టుబాటునకు పాడు అని పేరు. అరవభాషలోని ఈ మాటకు మన వంతు అను మాట సరిపోవును. మొగకు దగ్గరనున్న నీటిలో ఆటుపోటుల వేగమున రొయ్య మెండుగా దొరకుచోట్లు కొన్ని కలవు. ఆ చోట్ల కర్రలు పాతి వలలు కట్టుదురు. అందరును ఒకేసారి అచ్చట వల కట్టినచో ఎవరికిని మిగులదు, పోరాటమును తప్పదు. కనుక పట్టణవర్ కులమునకు చెందిన పాతకుప్పములవారు దినముల వంతు నేర్పరచుకొనిరి. కోట్టైకుప్పము, ఆండికుప్పము, నడుకుప్పము ఈ యేర్పాటునకు పేరొందిన ఊళ్లు. ఏ దినమున ఏ ఊరిది, ఊరిలో ఏ యింటిది, ఏ వల ఏ చోట అనునది చీట్లు వేసి తేల్చుకొందురు. నేడు మంచిచోటు దొరకినవానికి రేపు వెనుకటి చోటు. తన దినము కానినాడు పడవ ఒడ్డుననే యుండవలెను. తప్పినవానికి కులపంచాయతిలో జుల్మానా కలదు. సింహళమున నెగొంబో కయ్యలోను ఇదే తీరైన వంతుపద్ధతి కలదని చదివితిమి.

దీనిని గొప్పజేసి చెప్పువారు చాలమంది ఉన్నారు. గొప్పయే. పోలీసు లేక, పట్టా లేక, తరములతరబడి ఒక నీటిని కొల్లగొట్టకుండ కాపాడిన ఏర్పాటు చిన్నది కాదు. అయితే అందులోని లోపమును చెప్పవలెను. వంతు ఆ కులమునకు, ఆ ఊళ్లకు, పెండ్లియైన మగవానికి మాత్రమే. తరువాత వలపట్టిన ఇతర కులములవారికి మంచి చోట్లలో భాగము లేదు. నడుములోతు నీటిలో కూర్చుండి చేతులతో తడవి రొయ్యలు పట్టు ఇరుళ స్త్రీలకు, మన యానాది స్త్రీలకు అసలు చీటియే లేదు. వారికి పడవయు లేదు. ఈ సంగతి మున్ముందు పనికివచ్చును.

సరస్సు రెండు ప్రభుత్వముల పాలైన కథ మన కుటుంబములకు స్వయముగా అనుభవమే. 1953 అక్టోబరు 1వ తేదీకి ముందు నీరంతయు మద్రాసు రాష్ట్రములోనిదే. ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా నెల్లూరు జిల్లాతోపాటు సరస్సులో హెచ్చుభాగము అటు పోయినది. పటాస్కర్‌గారి మధ్యవర్తిత్వమునుబట్టి 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఇటు వచ్చినది. సత్యవేడు ప్రాంతము అటు పోయినది. ఆ దినములలో ఊళ్ల పేర్లను, ఓటర్ల భాషను లెక్కించిరి. నీటిని ఎవరును లెక్కించినట్లు కనబడదు. ఫలితము ఏమనగా, సరస్సులో ఇంచుమించు ఆరింట అయిదు పాళ్లు ఆంధ్రకును, ముఖ్యమైన దక్షిణపు మొగ తమిళనాటికిని చేరినవి. ఊపిరితిత్తులు ఒకరివి, ముక్కు ఒకరిది. చేపకు ఈ పంపకము తెలియదు. దాని వెంటపోవు పడవకు మాత్రము తెలియక తప్పలేదు. భీములవారిపాళెము వైపువారికిని, దక్షిణపు కుప్పములవారికిని నీటిమీద జరిగిన కలహములను పత్రికలలో పలుమార్లు చదువుచునే యున్నాము.

పిమ్మట శ్రీహరికోట. అంతరిక్షశాఖవారు 1969లో ఆ దీవిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు ఎగిరినది. దేశమునకు కీర్తి వచ్చిన మాట నిజము. సూళ్లూరుపేటనుండి దీవికి పోవు రోడ్డు సరస్సును అడ్డముగా కోసినదనుటయు నిజమే. కట్టకు క్రింద తూములున్నను, ఉత్తరపు నీటికి దక్షిణపు నీటికి మునుపటి కలయిక లేదని ఒడ్డువారు చెప్పుదురు. రాకెట్టు ఎగురు దినములలో చుట్టుపట్ల సముద్రములో పడవలు తిరుగరాదు. ఈ కట్టుబాటును ఎవరును తప్పుపట్టుటలేదు. ప్రాణరక్షణకొరకని అందరికిని తెలియును. తరువాత ఆంధ్రభాగము 1976లోను, తమిళభాగము 1980లోను పక్షులకు ఆశ్రయముగా ప్రకటింపబడినవి. చలికాలమున వచ్చు రాజహంసలు వేలకొలదిగా ఆ లోతులేని బురదలో మేయును. పడవ మోత వినినచో మేత విడిచి లేచును. ఆశ్రయమని ప్రకటించినంతమాత్రమున వేట నిలువలేదు. నిలుపుట సాధ్యమును కాదు.

ఇక నీరు చెడిన విధము. 1990ల నుండి ఒడ్డువెంబడి రొయ్యలచెరువులు వెలసినవి. మేతలు, మందులు కలిసిన నీటిని తిరిగి సరస్సులోనికే వదలుట మొదలైనది. గాంధేయవాది జగన్నాథన్‌గారు వేసిన వ్యాజ్యముపై సుప్రీముకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పుచెప్పుచు, చిల్క, పులికాట్ సరస్సులకు 1000 మీటర్లలోపల రొయ్యలచెరువులు ఉండరాదనెను. ఆ తీర్పు తరువాత నడచిన పునర్విచారణలు, 2005లో వచ్చిన కొత్త చట్టము — వాటి చిక్కులు వకీళ్లకు వదలుదము. దక్షిణమున ఎన్నూరువైపు 1990లలో ఉష్ణవిద్యుత్కేంద్రము, 2001లో రేవు, పిమ్మట కాట్టుపల్లి రేవు వచ్చినవి. ఎన్నూరు కయ్యకును మన సరస్సునకును బకింగ్‌హాం కాలువయే లంకె. బూడిద, వేడినీరు, చమురు ఆ కయ్యను ఏమిచేసినవో చూచిన పళవేర్కాటివారు ఆ గతి తమకు పట్టునని భయపడుచున్నారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలతో మణలి పరిశ్రమల ప్రాంతమునుండి చమురు ఎన్నూరు కయ్యలోనికి ప్రవహించినపుడు ఆ భయము ఉత్త ఊహ కాదని తేలినది.

మోటారు పడవల పాలు ఇందులో ఎంత? కొంత నిశ్చయముగా కలదు. పాతరకపు టూ స్ట్రోక్ ఇంజనులో పోసిన చమురులో ఇంచుమించు నాలుగవవంతు వరకు కాలకయే నీటిలో కలియునని తెలిసినవారు చెప్పుదురు. లోతైన సముద్రములో తెలియకపోవచ్చును. మీటరు లోతు నీటిలో ఇంజను రెక్క తిరిగినచో అడుగు బురద పైకి లేచును; నీటిగడ్డి తెగును; ఆ గడ్డిలో గ్రుడ్లుపెట్టు చేపకు తావులేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళ తీరమునందంతట ధర్మసంస్థలు ఫైబరు పడవలను, ఇంజనులను విరివిగా పంచినవి. పడవ పోయినవానికి పడవ ఇచ్చుట పుణ్యమే. ఒకటి పోయినచోట రెండు వచ్చినవన్న మాటయు విన్నాము.

పడవలపై పెద్ద నిషేధము వచ్చినది నీటి నిర్మలత కొరకు కాదు, ఘోరమైన దుఃఖమువలన. 2011 డిసెంబరు 25న పండుగ వినోదమునకు వచ్చిన కుటుంబములవారు ఎక్కిన పడవ మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. పిల్లలును అందులో కలరు. ఆ తరువాత యాత్రికులను పడవలెక్కించుట నిషేధింపబడినది. వేటలేని దినములలో నాలుగు రూపాయలు సంపాదించుకొనుచుండిన యువకులకు ఆ దారి మూతపడినది. వారిలో కొందరు చాటుగా ఎక్కించుకొనుటయు, అధికారులు పట్టుకొనుటయు జరుగుచు వచ్చినవి. చాటుపడవకు ప్రాణరక్షక కవచము లేదు, లెక్క లేదు. నిషేధించినవారు కోరినది ఇది కాదు.

ఒడ్డువారి అభిప్రాయములు ఒక్కతీరుగా లేవు. సముద్రమునకు పోవు ఫైబరు పడవలవారు మొగవరకు సరస్సులోనే ప్రయాణింపవలెను గనుక మోటారు నిషేధము తమకు ఉరి యందురు. యాత్రికుల పడవలు కావలెననువారు లైసెన్సు, కవచము, ఎక్కువారి సంఖ్య నిర్ణయించి అనుమతింపుడందురు. నిబంధనకు వారు విముఖులు కారు. వల, గడ మాత్రమే గల ముదుసలి జాలరులు కొందరు మోటార్లు తగ్గిన మంచిదే యని గొంతు తగ్గించి చెప్పుదురు, ఎందుకనగా మోటార్లు తమ కొడుకులవే. ఇరకము దీవివారి సంగతి వేరు. ఆ ఊరికి తరతరములుగా పడవయే బాట. పురిటిస్త్రీని ఆసుపత్రికి చేర్చవలెనన్నను, పిల్లవాడు పరీక్షకు పోవలెనన్నను భీములవారిపాళెము రేవునకు పడవ కట్టవలసినదే. అచ్చటి పెద్ద ఒకాయన మాతో అనిన మాటను ఆయన నుడికారములోనే వ్రాయుచున్నాము: "అయ్యా, మా మోటారు తిరిగితే నీళ్లు కలకబారతాయి, నిజమే. మొగ పూడిపోతే కలకబారేదానికి నీళ్లే మిగలవు గదా!"

చేతులతో రొయ్యలు పట్టు స్త్రీలను మేము అడిగితిమి. వారిని అడుగువారు తక్కువ. వారికి పడవ లేదు గనుక పడవపై మమకారము లేదు. నీటిపై చమురు తేలిన దినమున మొదట తెలియునది తమకేనని, మెడవరకు నీటిలో ఉండుటచే ఒళ్లు దురదలెక్కుననియు చెప్పిరి. పడవలను అరికట్టవలెనా అని అడుగగా ఒకామె, "పడవోళ్ల నూనె పిడికెడమ్మా, ఆ పక్కనించి వచ్చేది కడవలు కడవలు," అని మా యింటివారితో అనెను. కొలమానము శాస్త్రీయము కాకపోవచ్చును. క్రమము మాత్రము సరియైనదేయని మా నమ్మకము.

పడవల కట్టడి వ్యర్థమని మేము చెప్పుటలేదు. జర్మనీ దేశమున కోనిగ్‌సే యను పర్వత సరస్సునందు 1909 నుండియు విద్యుత్తుతో నడచు పడవలే యాత్రికులను మోయుచున్నవి. అమెరికాలోని తాహో సరస్సున 1999లో పాత టూ స్ట్రోక్ ఇంజనులను నిషేధించిరి. పడవలను కాదు, ఆ ఇంజనులను మాత్రమే. మన దేశముననే భోపాలు పెద్దచెరువునందు విహారనౌకలను, మోటారు పడవలను నిలుపవలెనని జాతీయ హరిత న్యాయస్థానము 2023లో ఆజ్ఞాపించినది. అది త్రాగునీటి చెరువు. ఈ మూడు చోట్లను కట్టడి ముఖ్యముగా తగిలినది వినోదమునకు తిరుగు పడవలకు. మన సరస్సులో వినోదపు పడవ ఇదివరకే నిలిచినది. మిగిలినది అన్నపు పడవ. పెద్ద గొట్టములను వదలి అన్నపు పడవతో మొదలుపెట్టు కట్టుబాటును ఒడ్డువారు కర్తాజ్ చీటీవలెనే చూతురు. తాము కూర్చుండి చీట్లువేసి తేల్చుకొన్నదానిని పాడువలె పాటింతురు. అయితే ఈసారి ఆ చీట్లలో యానాది స్త్రీకిని, ఇరుళ స్త్రీకిని, ఇరకము వానికిని పేరు ఉండవలెను. ఏ లోతులో మోటారు ఆపి గడ వేయవలెను, హంసలు మేయు నెలలలో ఏ పర్రవైపు పోరాదు, పాత ఇంజను మార్చుకొనుటకు ఎవరికి ఎంత సాయము — ఇవి గుమాస్తా బల్లమీద తేలునవి కావు. బల్లవద్ద ఏండ్లు గడిపినవారము గనుక ధైర్యముగా చెప్పుచున్నాము.

ఇటీవలి సంవత్సరములలో పళవేర్కాడు మొగ పూడకుండుటకై తమిళనాడు ప్రభుత్వము ఇరువైపుల రాతికట్టలు వేయించుట చేపట్టినది. జాలరులు దశాబ్దములుగా అడిగిన పని ఇది. కట్టలవలన ఇసుక ఇంకొకచోట కోసుకొనిపోవునేమో యను శంకను కొందరు పెద్దలు వెలిబుచ్చిరి, చూడవలసియున్నది. ఉత్తరపు మొగలను త్రవ్వింపవలెనని ఆంధ్రమువైపువారు అడుగుచునే యున్నారు. రెండు ప్రభుత్వముల మత్స్యశాఖలును, అటవీశాఖలును ఒకేచోట కూర్చుండి ఒకే కట్టుబాటు వ్రాయనంతవరకు, ఉదయమున భీములవారిపాళెములో కట్టువిప్పిన పడవ ఒక నిబంధనతో బయలుదేరి, మధ్యాహ్నమునకు మరియొక నిబంధనలో వల వేయుచున్నది. నడుమ నీటిమీద గీత ఏదియు లేదు.